నాలుగో గడి

సోహార్‌లో ఆదివారం పనివారానికి మొదటి రోజు.
ఎనిమిదింటికే బయట నలభై రెండు డిగ్రీలు,
తరగతి గదిలో పందొమ్మిది.
శాలువా కప్పుకుని పాఠం మొదలుపెడతాను:
సుస్థిరత. మూడు క్రెడిట్లు. ఇష్టమైతేనే తీసుకోవచ్చు.

నా కుర్చీ వెనక గోడకి ఇత్తడి పలక,
దాని మీద ఒక చమురు సంస్థ పేరు.
చేతిచమురు భాగవతం కాదు మాది,
చమురు చేతి భాగవతం.
జీతం ఒకటో తారీఖునే పడుతుంది.
ఉప్పు తిన్న విశ్వాసం కొద్దీ
ఆ పలక వైపు చూడను,
వీపు పెట్టి మాట్లాడతాను.

ప్రతి సెమిస్టరూ బోర్డు మీద ఒకటే ప్రశ్న:
"మిగిలింది ఎక్కడికి పోతుంది?"
రాబడి, ఖర్చు, లాభం
మూడు గళ్ళే నేర్చుకొచ్చిన పిల్లలు
నాలుగోది గీయమంటే
స్కేలు కోసం వెతుక్కుంటారు.

షమ్సా ఒక్కతే, వెనక వరసలోంచి,
చెయ్యి ఎత్తకుండానే:
"మనం తాగే నీళ్ళలోంచి తీసిన ఉప్పు
మా తాత వల వేసే చోటికి పోతుంది, డాక్టర్.
ఇప్పుడాయన పడవని ఇంకో గంట దూరం పోనిస్తాడు.
ఆ గంట పెట్రోలు ఏ గళ్ళో వెయ్యాలి?"

నాకు తెలీదన్నాను.
ఆ ఏడాది నేను చెప్పిన సరైన జవాబు
అదొక్కటే అనుకుంటాను.

ఏడాది చివర ప్రాజెక్టులు.
షమ్సా జట్టు మా భవనాన్నే లెక్క కట్టింది:
తెల్లార్లూ వెలిగే వరండాలు,
ఎవరూ లేని హాల్లో చలికి బిగుసుకున్న కుర్చీలు,
మిట్టమధ్యాహ్నం ఖర్జూరాల మొదట్లో ఆవిరయ్యే నీళ్ళు.
సెన్సార్లు పెడితే మూడోవంతు కరెంటు ఆదా.
పట్టికలు ముత్యాల్లా ఉన్నాయి.
తొంభై ఆరు వేశాను.
డీన్ చప్పట్లు కొట్టాడు.
ఇత్తడి పలక వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు.

పద్నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో:
"రాత్రి షిఫ్టు సిబ్బంది: రెండు నుంచి సున్నా."
చూడలేదని చెప్పను.
చదివే వేశాను తొంభై ఆరు.

ఆ రెండులో ఒకటి గంగరాజం.
కోరుట్ల అవతల ఏదో ఊరు.
ఏసీ పైపు కింద బకెట్ పెట్టి
చుక్కచుక్క పట్టిన నీళ్ళతో
జెనరేటర్ షెడ్డు వెనక బీరపాదు పాకించాడు.
నిరుడు నాకు రెండు కాయలిచ్చాడు, కాగితంలో చుట్టి.
ఆ కాగితం నా పాత ప్రశ్నపత్రం.

"మంచిదే గద మేడం, కరెంటు మిగుల్తది,"
అన్నాడు, సంతకం పెట్టిన కాగితం మడతపెడుతూ.
అది ఎత్తిపొడుపో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
"బకెట్ మాత్రం ఎవలన్న ఒంపుతుండాలె.
లేకుంటె గోడకు చెమ్మ వడ్తది."

మార్కులు మారుద్దామని పోర్టల్ తెరవబోయాను. గడువు దాటింది.
దాటకపోతే మాత్రం
ఎన్ని తీసేదాన్ని, ఎవరివి?
పిల్లలు నేను నేర్పిందే రాశారు.

షమ్సాకి రాశాను, పద్నాలుగో పేజీ మళ్ళీ చూడమని.
రెండు రోజులకి జవాబు:
"ఆ లైను నేనే రాశాను, డాక్టర్.
మా తాతని లెక్కలోకి తెచ్చాక
ఇంకెవరూ బయట మిగల్లేదనుకున్నాను."

సెన్సార్లు చక్కగా పనిచేస్తున్నాయి.
రాత్రిళ్ళు పేపర్లు దిద్దుతూ
కాసేపు కదలకుండా కూర్చున్నానా,
నేను లేననుకుని దీపం ఆరిపోతుంది.
చెయ్యి ఊపితే వెలుగుతుంది.

ఇవాళ ఊపలేదు.
చీకట్లో, కిటికీ అవతల
చుక్క శబ్దం మారడం విన్నాను,
ఖాళీ బకెట్ మోత పోయి
నిండు నీళ్ళ మీద పడే చప్పుడు.
చెప్పులు వెతుక్కుని లేచాను.

పాదు రెండు పువ్వులేసింది.
పిందె దిగుతుందో లేదో
నాకు తెలీదు.